గానుగ నూనె షాపుకి లావు గుండ్రటి ఇంగ్లిష్ ఫాంట్ సరిపోతుందా? తెలుగు పేరుని దానికి జత చేయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కడపలో గానుగ నూనెల షాపు పెడుతున్నారు. మీ డిజైనర్ ఇంగ్లిష్ పేరుని ఫ్యూచురా బోల్డ్ లాంటి లావు అక్షరాల్లో పెట్టి చూపించాడు. ఇంగ్లిష్ ఓ (O) రూపాయి బిళ్ళలా గుండ్రంగా, మిగతావి స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి, ఇంట్లో అందరికీ నచ్చాయి. ఇప్పుడు బోర్డు, బాటిల్ లేబుల్, 15 కిలోల డబ్బా, విజిటింగ్ కార్డు అన్నీ అదే ఫాంట్‌లో చేయించవచ్చా, తెలుగు పేరు కూడా అంతే లావుగా రావాలంటే ఏం చేయాలి అని అడుగుతున్నారు.

నేను అనంతపురంలో 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట మా మేనమామ దగ్గర గోడల మీద బ్రష్‌తో రాయడం, తర్వాత డీటీపీ, ఇప్పుడు బోర్డులు, లేబుళ్లు. కాబట్టి సూటిగా చెప్పేస్తాను.

పేరుకి వాడండి, బోర్డుకి వాడండి, డబ్బా మీద పెద్ద అక్షరాలకి వాడండి. ఫోన్ నంబరుకి, లేబుల్ మీద చిన్న అక్షరాలకి మాత్రం వద్దు. తెలుగు పేరు కోసం మామూలు ఫాంట్‌కి ఔట్‌లైన్ ఇచ్చి బలవంతంగా లావు చేయించకండి. మొదటి నుంచీ లావుగానే గీసిన తెలుగు ఫాంట్ తీసుకోండి.

ఇంతవరకు చదివి డిజైనర్‌కి ఫోన్ చేసినా మీ పని అయిపోతుంది. ఎందుకు అని తెలుసుకోవాలంటే కింద చదవండి, కొంచెం పొడుగుంటుంది.

ఇలాంటి ఫాంట్లని జామెట్రిక్ శాన్స్ సెరిఫ్ అంటారు. గీతల చివర ముక్కులు, తోకలు ఉండవు, అక్షరాలన్నీ వృత్తం, చతురస్రం, త్రిభుజం నుంచి పుట్టినట్టు కనిపిస్తాయి. వీటికి పెద్దదిక్కు ఫ్యూచురా. పాల్ రెన్నర్ అనే జర్మన్ డిజైనర్ గీస్తే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోసే కంపెనీ) 1927లో విడుదల చేసింది. మొదట్లో ఆయన మరీ లెక్కల్లోకి వెళ్లిపోయి స్మాల్ ఆర్ అక్షరాన్ని ఒక కర్ర, దాని పక్కన ఒక చుక్క, అంతే అన్నట్టు గీశాడు. చదివేవాడికి అది ఆర్ అని తట్టాలి కదా, అందుకే మామూలుగా అమ్మిన ఫాంట్‌లో ఆర్‌కి ఆ రూపం ఉంచలేదు. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద అక్షరాలు కూడా ఫ్యూచురావే. తర్వాత ఇదే దారిలో 1970లో ఆవాంట్ గార్డ్, 2000లో గోథమ్ వచ్చాయి. ఇప్పుడు ఫోన్లలో, ఫ్లెక్సుల్లో ఎక్కడ చూసినా కనిపించే పాపిన్స్, మాంట్‌సెరాట్ కూడా ఈ కుటుంబమే.

ఇక్కడ చాలామంది డిజైనర్లే పొరబడే సంగతి ఒకటి ఉంది. ఈ అక్షరాలు కంపాస్‌తో గీసినట్టు కనిపిస్తాయి గానీ కంపాస్‌తో గీసినవి కావు. నమ్మకపోతే ఇంట్లో ఒక మందపాటి గాజు తీసుకొని కాగితం మీద పెట్టి లోపల, బయట గీత గీసి, మధ్యలో నల్లగా నింపండి. దాని పక్కన అంతే ఎత్తు, అంతే మందంతో క్యాపిటల్ హెచ్ గీయండి. ఇప్పుడు రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే గాజు హెచ్ కంటే పొట్టిగా కనిపిస్తుంది, పైగా దాని నెత్తి, అడుగు భాగాలు పక్కల కంటే లావుగా కనిపిస్తాయి. కొలిస్తే అన్నీ సమానమే, కంటికి మాత్రం కాదు. అడ్డంగా ఉన్న గీత నిలువు గీత కంటే మందంగా అనిపించడం మన కంటి స్వభావం. అందుకే ఫాంట్ గీసేవాళ్లు O అక్షరాన్ని పైన, కింద కొంచెం పలచన చేస్తారు, వరస గీతకి పైనా కిందా కాస్త బయటికి పొడుచుకొచ్చేలా కూడా గీస్తారు. 100 మిల్లీమీటర్ల అక్షరానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు అనుకోండి.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ఆ మధ్య ధర్మవరంలో ఒక చీరల షాపుకి యాక్రిలిక్ త్రీడీ అక్షరాల బోర్డు చేశాం. బిగించేవాడు మంచి పనివాడే, అడుగున దారం కట్టి అన్ని అక్షరాలూ దారానికి ఆనించి అతికించాడు. O అక్షరం కింద రెండు మిల్లీమీటర్లు బయటికి వస్తోందని దాన్ని కూడా పైకి జరిపి దారం మీదే కూర్చోబెట్టాడు. కిందికి దిగి చూస్తే మూడు ఓలూ గాల్లోకి ఎగిరినట్టున్నాయి. ఓనరుకి ఏం తేడానో తెలియడం లేదు గానీ "ఏందో వంకరగా ఉందన్నా" అంటూనే ఉన్నాడు. మళ్ళీ ఊడదీసి ఓలని కిందికి దింపి అతికించాక గానీ వరస కుదరలేదు. మీ బోర్డు బిగించేటప్పుడు డిజైనర్ ఇచ్చిన ఫైల్‌ని అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, దాన్ని గోడకి అంటించి, దాని ప్రకారమే అక్షరాలు పెట్టించండి. దారం ఒక్కటే నమ్ముకుంటే గుండ్రటి అక్షరాలు తప్పుగా కూర్చుంటాయి.

ఇక లావు విషయం. మా మామ గోడ మీద సుద్ద దారం కొట్టి గీతలు తీశాక ముందు అక్షరం రాసేవాడు కాదు, అక్షరం లోపల ఎంత ఖాళీ మిగలాలో బొగ్గుతో గుర్తు పెట్టుకునేవాడు. "లోపల గాలి ఆడాలి" అనేవాడు. నాకు అప్పట్లో అది చాదస్తం అనిపించేది. కంప్యూటర్ మీద పని మొదలుపెట్టి, ఒక నొక్కు నొక్కితే అక్షరం లావైపోవడం చూశాక ఆ మాట అర్థమైంది. సన్నటి అక్షరంలో గీతని చదువుతాం. లావు అక్షరంలో గీత మధ్య మిగిలిన ఖాళీని చదువుతాం. స్మాల్ ఈ, స్మాల్ ఏ, ఎస్, 8 లాంటివాటిలో ఆ ఖాళీ మూసుకుపోతే దూరం నుంచి అన్నీ ఒకే నల్ల ముద్ద. అందుకే నిజంగా గీసిన బోల్డ్ ఫాంట్‌లో అక్షరం లావైనకొద్దీ వెడల్పు కూడా అవుతుంది, గీతలు కలిసే చోట లోపలి వైపు కొంచెం కోసి పలచన చేసి ఉంటుంది. స్మాల్ ఎన్‌ని బాగా పెద్దది చేసి చూడండి, వంపు వచ్చి కర్రకి తగిలే చోట గీత సన్నబడుతుంది. ఫ్యూచురా ఎక్స్‌ట్రా బోల్డ్ అయితే రెన్నర్ గీసింది కూడా కాదు, 1952లో ఎడ్విన్ షార్ అనే ఆయన విడిగా గీశాడు. మామూలు ఫాంట్‌ని ఉబ్బించి చేసింది కాదది.

మీకు ఒక కలిసొచ్చే విషయం. ఆయిల్ అన్న ఇంగ్లిష్ మాట ఈ ఫాంట్లకి కొలతలు తీసి కుట్టినట్టుంటుంది: ఒక సున్న, ఒక కర్ర, ఒక మూల. కాకపోతే టైప్ చేసి అలాగే వదిలేస్తే ఎడం కుదరదు. రెండు నిలువు గీతలు పక్కపక్కన వచ్చినచోట, అంటే ఐ తర్వాత ఎల్ దగ్గర, ఎక్కువ ఎడం కావాలి. ఓ తర్వాత ఐ వచ్చినప్పుడు ఓ వంపు వల్ల ఖాళీ దానంతటదే వస్తుంది, అక్కడ దగ్గరికి జరపాలి. ఎల్ తర్వాత ఏ (A) వస్తే మధ్యలో పెద్ద గుంత పడుతుంది, దాన్ని ఇంకా దగ్గరికి లాగాలి. లావు అక్షరాల్లో ఈ తేడాలు సన్న అక్షరాల్లో కంటే గట్టిగా కనిపిస్తాయి. డిజైనర్‌ని పేరు వరకైనా అక్షరం అక్షరం చేత్తో జరపమనండి. పావుగంట పని.

ఇంకో చిన్న మాట. ఫ్యూచురాలో ఈ, ఎఫ్, ఎల్, ఎస్ సన్నగా, ఓ, సీ, జీ బాగా వెడల్పుగా ఉంటాయి, పాత రోమన్ రాతి శాసనాల కొలతల్లాగ. అందుకే అది యంత్రంతో చేసినట్టున్నా పెద్దరికంగా కనిపిస్తుంది. మాంట్‌సెరాట్‌లో అన్నీ వెడల్పే. మీ పేరులో ఏ అక్షరాలు ఉన్నాయో చూసుకొని ఎంచుకోండి.

బోర్డుకి ఇవి ఎందుకు బాగా నప్పుతాయి

అందం ఒక్కటే కాదు, పనికి కూడా అనుకూలం. ఎల్ఈడీ అక్షరాల్లో లోపల లైట్ మాడ్యూళ్లు వరసగా అతికించాలి, అందుకు గీత కనీసం అంగుళం వెడల్పు ఉండాలన్నది నా లెక్క. సెరిఫ్ ఫాంట్, అంటే గీతల చివర ముక్కులున్నది తీసుకుంటే లావు గీతలో లైట్ పడుతుంది, సన్న గీతలో పట్టదు, రాత్రి పూట అక్షరం సగం వెలిగి సగం చీకటి. ఈ జామెట్రిక్ బోల్డ్‌లో గీత అంతటా దాదాపు ఒకే మందం కాబట్టి ఒకే వరస మాడ్యూళ్లు చుట్టూ తిరిగిపోతాయి, వెలుగు సమానంగా పడుతుంది. గీత మందం అక్షరం ఎత్తులో సుమారు ఐదో వంతు ఉంటుంది కాబట్టి ఐదారు అంగుళాల అక్షరం నుంచి పని సాఫీగా జరుగుతుంది.

అయితే వెనక నుంచి వెలిగే గ్లో సైన్ బోర్డు అయితే ఒక మెట్టు తగ్గించండి. చీకట్లో వెలిగే అక్షరం అసలు కంటే లావుగా కనిపిస్తుంది, వెలుగు పక్కకి పొంగుతుంది. ఎక్స్‌ట్రా బోల్డ్ అనుకున్నది బోల్డ్‌తో, బోల్డ్ అనుకున్నది సెమీబోల్డ్‌తో చేయించండి. పగలు కొంచెం సన్నగా అనిపించినా రాత్రికి సరిపోతుంది.

ఎత్తు సంగతి: 10 అడుగుల దూరానికి అంగుళం అక్షరం అని బోర్డుల వాళ్లందరం చెప్పుకునే లెక్క. 40 అడుగుల రోడ్డుకి అవతలి నుంచి నిలబడి చదవాలంటే 4 అంగుళాలు. ఏడు రోడ్ల కూడలి లాంటి రద్దీలో బండి మీద పోయేవాడు చదవాలంటే దానికి రెట్టింపు అనుకోండి. తెలుగుకి ఈ లెక్క వేసేటప్పుడు గుడి, ఒత్తు కలుపుకొని కొలవకూడదు. న అక్షరం ఒంటి ఎత్తు ఎంతో అదే లెక్క. చాలామంది ఒత్తుతో సహా కొలిచి "8 అంగుళాలు పెట్టామన్నా, అయినా కనపడలేదు" అంటారు, ఒంటి ఎత్తు చూస్తే 4 ఉంటుంది.

తెలుగు పేరు, అసలు కష్టం ఇక్కడే

ఇంగ్లిష్ అక్షరాలు కర్రలు, సున్నలు. మనవి చుట్టలు, గదులు, చుక్కలు, పైన తలకట్టు, కింద ఒత్తు. ఇప్పటికే గుండ్రంగా ఉన్నాయి కదా, జామెట్రిక్‌కి ఇంకా సులువు కదా అనుకుంటారు. లావు చేసి చూస్తే తెలుస్తుంది. తెలుగులో ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ తేడా చాలాసార్లు ఒక చిన్న గీత, ఒక చుక్క. ద కింద చిన్న గీత పెడితే ధ, దాని నడుమ చుక్క పెడితే థ. ర నడుమ చుక్క పెడితే ఠ. ప, ష, స, హ అక్షరాల్లో తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది, ఆ సన్నటి సందు పోతే అక్షరం ముఖమే మారిపోతుంది. లావు చేయగానే మొదట మూసుకుపోయేవి ఈ సందులే.

నాకు బాగా గుర్తుండిపోయిన పని ఒకటి చెప్తాను. ఒక స్కూలు బోర్డు. ఇంగ్లిష్ పేరు లావు జామెట్రిక్ అక్షరాల్లో ఉంది, దానికి సమానంగా "పాఠశాల" కూడా లావుగా రావాలన్నారు. మా దగ్గరున్న తెలుగు ఫాంట్ మధ్య మందానిది. నేను కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌లైన్ పెంచి లావు చేశాను. ఔట్‌లైన్ పెంచితే గీత బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే పెరుగుతుంది. ఠ లోపల వలయానికీ చుక్కకీ మధ్య 6 మిల్లీమీటర్ల సందు ఉంటే, అటు వలయం 2, ఇటు చుక్క 2 పెరిగి, చివరికి 2 మిల్లీమీటర్లు మిగిలింది. స్క్రీన్ మీద నేను గమనించలేదు. కటింగ్ చేసే అబ్బాయి అంత సన్న సందు నిలబడదని, చుక్క ఏదో పొరపాటున పడి ఉంటుందనుకొని తీసేసి కోశాడు. బోర్డు ఎక్కించాక హెడ్మాస్టర్ గారు గేటు దగ్గర నిలబడి పైకి చూసి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని "పారశాల" అని చదివారు. ఆయన కోప్పడలేదు, పిల్లలు రోజూ చూసే మాట కదా అన్నారు, అంతే. ఆ అక్షరాలు నా డబ్బుతో మళ్ళీ చేయించి ఇచ్చాను. అప్పటి నుంచి తెలుగు అక్షరాలకి ఔట్‌లైన్ పెంచడం పూర్తిగా మానేశాను, కటింగ్‌కి పంపే ముందు ప్రతి చుక్కా, ప్రతి సందూ స్కేలు పెట్టి కొలుస్తాను. త్రీడీ అక్షరాల్లో ఠ చుక్క, ప తలకట్టు విడి ముక్కలుగా వస్తాయి, వాటిని నిలబెట్టడానికి వెనక పారదర్శక యాక్రిలిక్ షీటు ఉండాలని కూడా ముందే చెప్పేస్తాను.

మీ అదృష్టం ఏమిటంటే "గానుగ నూనె" అన్న మాట లావు అక్షరాలకి చాలా అనువైనది. గ మూతలేని అక్షరం, కింద తెరిచిన కమానులా ఉంటుంది, ఎంత లావు చేసినా గాలి ఆడుతుంది. న లోని చుట్ట ఒక్కటే జాగ్రత్తగా చూసుకోవాలి. ఒత్తు ఒక్కటి కూడా లేదు, కాబట్టి కింద గీతకి దగ్గరగా ఇంకో వరస పెట్టుకోవచ్చు. అదే "కొబ్బరి నూనె" అనుకోండి, కొ పైన ఒత్వం, రి పైన గుడి, బ్బ కింద ఒత్తు, పైకీ కిందికీ చోటు కావాలి. "నువ్వుల నూనె"లో వ్వ ఒత్తు కిందికి దిగుతుంది. మన వైపు నోటితో శెనక్కాయ నూనె అనే అంటాం గానీ లేబుల్ మీద "వేరుశనగ నూనె" అని రాస్తాం, అది పొడుగు మాట, మొదటి అక్షరం పైన ఏత్వం కూడా ఉంది. మీరు నాలుగైదు రకాలు అమ్ముతారు కాబట్టి ముందు కొబ్బరి లేబుల్ డిజైన్ చేయించండి. అది కుదిరితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. చాలామంది సులువైన పేరుతో లేఅవుట్ ఖాయం చేసి, ఒత్తులున్న పేరు వచ్చేసరికి అక్షరం చిన్నది చేస్తారు, అలమారాలో పక్కపక్కన పెడితే ఒకే ఇంటి సరుకులా అనిపించదు.

ఏ తెలుగు ఫాంట్ అని అడుగుతారు కాబట్టి నేను నిజంగా వాడినవి చెప్తాను, అన్నీ యూనికోడ్, అన్నీ ఉచితంగా దొరికేవే. అనేక్ తెలుగు నా మొదటి ఎంపిక. ఏక్ టైప్ వాళ్లది, చాలా సన్నం నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ వరకు మందాలున్నాయి, పైగా వెడల్పు కూడా మార్చుకోవచ్చు. పొడుగు పేరుని కుదించాలంటే సాగదీసి పాడుచేయకుండా దాని సన్న వెడల్పు రూపం వాడుకోవచ్చు. ఫ్యూచురా పక్కన పెడితే నలుపు సమానంగా కనిపిస్తుంది. బాలూ తమ్ముడు 2 కూడా వాళ్లదే, ఇంకా బొద్దుగా, గీతల చివరలు మెత్తగా ఉంటాయి. స్వీట్లు, ఐస్‌క్రీమ్, పిల్లల సరుకులకి చక్కగా ఉంటుంది, పదునైన ఫ్యూచురా పక్కన మాత్రం వేరే ఇంటి బిడ్డలా అనిపిస్తుంది. రామభద్ర ఒకే మందంలో దొరుకుతుంది, గట్టిగా ఉంటుంది, గోడ రాతల పాత రుచి ఇష్టపడేవాళ్లకి ఇస్తాను. నోటో శాన్స్ తెలుగు బ్లాక్ వరకు లావు ఉంది. అందం కోసం కాకపోయినా చదవడానికి నమ్మకమైనది. హింద్ గుంటూరు బోల్డ్ దగ్గరే ఆగిపోతుంది, లోగోకి చాలదు గానీ లేబుల్ వెనక వైపు సమాచారానికి హాయిగా ఉంటుంది.

జత చేసేటప్పుడు మందం లెక్క ఫాంట్ పేర్ల మీద ఆధారపడకండి. ఇంగ్లిష్ బోల్డ్, తెలుగు బోల్డ్ రెండూ బోల్డే అయినా నలుపు ఒకటి కాదు. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కళ్లు సగం మూసి చూడండి. రెండూ ఒకే బూడిద రంగు పట్టీల్లా కనిపించాలి. తెలుగు ఎక్కువ నల్లగా అనిపిస్తే ఒక మందం తగ్గించండి. ఇంగ్లిష్ ఓ గుండ్రంగా ఉంది కాబట్టి తెలుగులో కూడా ప్రతి చుట్టనీ వృత్తం చేయించాలన్న పట్టుదల వద్దు. న, వ, మ అక్షరాల వంపులు వృత్తాలు కావు, అలా చేస్తే అన్నీ ఒకేలా కనిపించి చదివేవాడు తడబడతాడు. మందం కలిస్తే చాలు, ఆకారం దేనిది దానిదే.

మీ ప్రింటర్ దగ్గర ఇంకా పేజ్‌మేకర్, పాత అను ఫాంట్లే ఉంటే యూనికోడ్ తెలుగు అందులో రాదు. డిజైనర్ చేతే అక్షరాలని కర్వ్స్ (ఫాంట్ అవసరం లేని బొమ్మలు) చేయించి పీడీఎఫ్ ఇవ్వండి, ఇచ్చే ముందు ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయో మీరే ఒకసారి చదవండి. ఇంట్లో పెద్దవాళ్ల చేత కూడా చదివించండి, వాళ్లకి తప్పు వెంటనే దొరుకుతుంది.

బాటిల్ లేబుల్

లీటరు బాటిల్ అడ్డకొలత సుమారు 80 మిల్లీమీటర్లు ఉందనుకుంటే చుట్టుకొలత 250 మిల్లీమీటర్లు. ఎదురుగా నిలబడినవాడికి వంపు లేకుండా కనిపించేది అందులో మూడో వంతు, అంటే 80 మిల్లీమీటర్ల చిల్లర. పాపిన్స్, మాంట్‌సెరాట్ లాంటి వెడల్పు ఫాంట్‌లో పేరు ఒకే వరసలో పెడితే మొదటి అక్షరం, చివరి అక్షరం బాటిల్ పక్కకి తిరిగిపోతాయి. పేరుని రెండు వరసలు చేయండి, లేదా ఫ్యూచురా కొలతల్లో ఉండే ఫాంట్ తీసుకోండి. కంప్యూటర్ మీద చదునుగా చూసి ఓకే అనకండి, జెరాక్స్ తీసి నిజం బాటిల్‌కి చుట్టి చూడండి. లోపల నూనె పసుపుగా ఉంటుంది కదా, లేబుల్ పారదర్శకంగా ఉంటే ఆ రంగు మీద అక్షరం ఎలా కనిపిస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

వెనక వైపు ఉండే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు 14 అంకెలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, చిరునామా, ఇవేవీ లావు జామెట్రిక్‌లో వద్దు. చిన్న సైజులో 3, 6, 8, 9 అన్నీ ఒకే బొట్టులా అవుతాయి. ఇంకు కొంచెం పరుచుకుంటే అసలే ఉన్న చిన్న ఖాళీ కూడా పోతుంది. నోటో శాన్స్ లాంటిది రెగ్యులర్ మందంలో పెట్టించండి. నికర బరువు, ధర లాంటి అంకెలు కనీసం ఎంత ఎత్తుండాలో ప్యాకింగ్ నిబంధనల్లో ఉంటుంది, లేబుల్ ప్రింట్‌కి పంపేలోపు అది చూసుకోండి.

ఫోన్ నంబరు గురించి విడిగా చెప్పాలి. ఒక ఎరువుల షాపాయన బోర్డు మీద నంబరు కూడా పేరంత లావుగా, అక్షరాలు దగ్గర దగ్గరగా ఉండాలని పట్టుబట్టాడు, నేనూ సరేనన్నాను. రోడ్డు మీద నుంచి చూసి రాసుకున్న రైతులు 3ని 8గా రాసుకున్నారు. ఎవరికో పాపం ఆ సీజన్ అంతా యూరియా వచ్చిందా అని ఫోన్లు. నంబరుకి మీడియం లేదా సెమీబోల్డ్ చాలు, అంకెల మధ్య ఎడం పెంచి, ఐదు ఐదుగా విడగొట్టండి. వాట్సాప్ నంబరు, ఇన్‌స్టా పేరు పెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త: ఈ ఫాంట్లలో క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్ రెండూ ఒట్టి కర్రలే, ఫ్యూచురా వరసలో స్మాల్ ఏ (a) కూడా O అక్షరం పక్కన కర్ర పెట్టినట్టే ఉంటుంది, దూరం నుంచి O అనిపిస్తుంది. పాపిన్స్‌లో కూడా అంతే. మాంట్‌సెరాట్‌లో ఏ రెండంతస్తులది, కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

లైసెన్స్

ఫ్యూచురా కొనుక్కోవాల్సిన ఫాంట్. డిజైనర్ కంప్యూటర్‌లో ఉన్నంత మాత్రాన మీకు హక్కు వచ్చినట్టు కాదు, రేపు మీ నూనె ఆన్‌లైన్‌లో, పెద్ద షాపుల్లో అమ్మేటప్పుడు ఆ చిక్కు ఎందుకు? అదే పోలికలో వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకోగలిగేవి ఉన్నాయి. లీగ్ స్పార్టన్ చూడండి, లావు జామెట్రిక్ అంటే ఎలా ఉండాలో అలాగే ఉంటుంది, మొదట బోల్డ్ ఒక్కటే వచ్చింది, తర్వాత మిగతా మందాలు చేర్చారు. జోస్ట్ ఫ్యూచురాకి ఇంకా దగ్గర, మందాలు బోలెడు. పేరు వరకు లీగ్ స్పార్టన్, కింద చిన్న వరసకి జోస్ట్ మీడియం పెడితే నాకు చాలాసార్లు కుదిరింది.

బళ్ళారి వైపు కూడా సరుకు పంపాలనుకుంటే కన్నడ పేరు కావాలి కదా. అనేక్‌లో కన్నడ కూడా ఉంది, బాలూలో కన్నడకి బాలూ తమ్మ ఉంది, ఒకే చేతితో గీసినట్టు ఉంటాయి. కడపలో ఉర్దూ కూడా పెట్టాలనుకుంటే బాలూ భాయిజాన్ ఉంది. అయితే ఉర్దూ చదివేవాళ్లకి అలవాటైన నస్తాలిక్ రాతలా అది ఉండదు, మీ వీధిలో ఉర్దూ బాగా వచ్చిన ఒకరికి చూపించి అప్పుడు నిర్ణయించుకోండి.

రంగుల గురించి అడగలేదు గానీ ఒక్క మాట. మన ఎండకి ఫ్లెక్స్ మీద ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి. ముదురు ఆకుపచ్చ మీద తెలుపు, నలుపు మీద పసుపు యాక్రిలిక్ అయితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఎర్ర అక్షరానికి నీలం షేడ్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, లావు అక్షరం లోపలి ఖాళీని ఆ షేడే మింగేస్తుంది.

బోర్డుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ పని చేయండి. పేరుని అసలు సైజులో ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింట్ తీయించి, షట్టర్ మీద టేపుతో అంటించండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం లైట్లు వెలిగాక ఒకసారి రోడ్డు అవతలి నుంచి చూడండి. ఆ పేరు అంతకుముందు చూడని వాళ్లని ఒకరిద్దరిని పిలిచి గట్టిగా చదవమనండి, ఎక్కడ ఆగుతున్నారో ఆ అక్షరం దగ్గర గుర్తు పెట్టుకోండి. ఆ ఫోటో, కొబ్బరి నూనె లేబుల్ డిజైన్ రెండూ ఇక్కడే పెట్టండి, ఏ అక్షరాన్ని ఎంత జరపాలో చూసి చెప్తాను.